కొట్టుకైనా ట్రస్టుకైనా బీమా: పాలసీలో రాసింది, లోపల ఉన్నది ఒకటే అయ్యేలా

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్ నగర్‌ను ముంచేశాయి. మా బావగారి బట్టల కొట్టు అక్కడే. దసరాకని తెప్పించిన చీరల బేళ్లు అప్పటికి పది రోజుల ముందే దిగాయి. నీళ్లు తీశాక ఇద్దరం కలిసి షట్టరు ఎత్తాం. నడుము ఎత్తు వరకు గోడ మీద బురద గీత ఉంది. దాని కింద ఉన్న ప్రతి చీరకూ పక్క చీర రంగు ఎక్కింది. బిల్లు పుస్తకాలు నాని, అట్టముక్కల్లా అతుక్కుపోయాయి.

"ఇన్సూరెన్స్ ఉందిగా బావా" అన్నాను.

"ఉందిరా. లోను ఇచ్చినప్పుడు బ్యాంకు వాళ్లే కట్టించారు" అన్నాడాయన.

ఆ పాలసీ కాగితం అప్పటిదాకా ఆయనా చూడలేదు, ఇరవై ఏళ్లుగా చిన్న వ్యాపారాలకు లెక్కలు రాస్తున్న నేనూ అడిగి చూడలేదు. అందులో సరుకు విలువ 16 లక్షలని ఉంది. అది లోను మొత్తం. కొట్టులో ఆ రోజున్న సరుకు 32 లక్షలు, పాడైంది 20 లక్షలది. 16 లక్షలకు పాలసీ ఉంది కాబట్టి 16 లక్షలైనా వస్తాయని ఆయన లెక్క. లెక్కతేలింది 10 లక్షలు. అదీ ముందు బ్యాంకు ఖాతాకే వెళ్లింది. పక్క వీధిలో అద్దెకు తీసుకున్న గదిలోని బేళ్లకు ఒక్క రూపాయి రాలేదు, ఆ గది చిరునామా పాలసీలో లేదు కనుక.

కంపెనీ మోసం చేయలేదు. కాగితంలో రాసింది ఒకటి, కొట్టులో ఉన్నది ఇంకొకటి, అంతే. ఆ తేడా రాకుండా చూసుకోవడం ఎలాగో, చిన్న వ్యాపారాలకూ ట్రస్టులకూ సొసైటీలకూ పనికొచ్చేలా వరసగా చెప్తాను.

1. ముందు ఒక పూట నడవండి

ఏజెంటుకు ఫోన్ చేసే ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని మీ ప్రాంగణమంతా తిరగండి. మీటరు బోర్డు నుంచి మొదలుపెట్టి పైకప్పు దాకా. కనిపించిన ప్రతి ప్రమాదానికి ఎదురుగా మూడు విషయాలు రాయండి: జరిగితే ఎంత పోతుంది, ఎన్నాళ్లు మూతపడుతుంది, ఎవరికి దెబ్బ తగులుతుంది. నిప్పు, నీళ్లు, దొంగతనం అందరికీ తడతాయి. కాగితం మీదికి సులువుగా రానివి వేరే ఉన్నాయి: క్యాషు చూసే మనిషి చేతివాటం, మెట్ల మీద జారిపడే ఖాతాదారు, ఒక్కరి ఫోన్‌లోనే ఉన్న బ్యాంకు పాస్‌వర్డు, ఒక్క మెషీన్ మీదే నడిచే మిల్లు.

ఆ జాబితాలో ప్రతిదానికీ నాలుగు దారులు: ఆ పనే మానుకోవడం, ప్రమాదాన్ని తగ్గించుకోవడం, బీమాకు అప్పగించడం, మనమే భరించడం. తరచూ జరిగే చిన్న నష్టాలను మీరే భరించండి. పగిలిన గ్లాసులకు, చిరిగిన బస్తాలకు బీమా వెతకక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి వచ్చి సంస్థనే కూల్చేసేది ఏదో, ప్రీమియం దానికి కట్టాలి. మా వైపు చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మొబైల్ స్క్రీన్‌కు బీమా ఉంటుంది, గోడౌనుకు ఉండదు.

2. బీమా కంటే ముందు చేయాల్సిన ఖర్చు

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచాయి. అక్కడ ఓ ఆఫీసులో పనిచేసే ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక చనిపోయారు. అందుకే మెట్ల దారిలో అట్టపెట్టెలు పేర్చిన కొట్టు ఏది కనిపించినా నేను ఆగి చెప్తాను. మనుషులు బయటపడే దారి ముందు ఖాళీ చేయండి, మిగతావి తర్వాత.

ఆ తర్వాత కరెంటు. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఏసీ, ఫ్రిజ్, బిల్లింగ్ కంప్యూటర్ తగిలించకండి. ఎంసీబీతో పాటు ఆర్‌సీసీబీ కూడా పెట్టించండి. ఎంసీబీ ఓవర్‌లోడునూ షార్ట్ సర్క్యూట్‌నూ ఆపుతుంది. కరెంటు లీకై మనిషికి షాక్ కొట్టకుండా కాపాడేది ఆర్‌సీసీబీ. రాత్రి మూసేటప్పుడు మెయిన్ ఆపే అలవాటు చేసుకోండి.

నీళ్లు వచ్చే చోటైతే సరుకును నేల మీద పెట్టొద్దు. బావగారు ఇప్పుడు ఇనుప స్టాండ్లు వేయించి, ఖరీదైన పట్టుచీరలు పై అరలకు మార్చారు. లెక్కలు కూడా అంతే. ట్యాలీ బ్యాకప్ అదే కంప్యూటర్లో ఉంటే అది బ్యాకప్ కాదు. ప్రతి వారం ఇంకో చోట దాచండి. పాలసీ కాగితం, స్టాకు రిజిస్టరు, మెషీన్ల బిల్లులు ఫొటో తీసి మెయిల్‌లో పెట్టుకోండి.

3. విలువ కట్టడం

నిదానంగా చదవాల్సిన భాగం ఇదే. క్లెయిముల్లో ఎక్కువగా కోత పడేది ఇక్కడే.

బావగారి లెక్క మళ్లీ చూద్దాం. ఉన్న సరుకు 32 లక్షలు, బీమా చేసింది 16 లక్షలకు, అంటే సగానికి. మిగతా సగానికి మీరే బీమాదారు అన్నట్టు కంపెనీ లెక్కిస్తుంది. కాబట్టి 20 లక్షల నష్టంలో సగం, 10 లక్షలే ఇస్తుంది. దీన్ని యావరేజ్ క్లాజు అంటారు. సరుకు మొత్తం పోకపోయినా, ఒక మూల మాత్రమే కాలినా ఇదే నిష్పత్తి. చిన్న సంస్థల కోసం వచ్చిన కొత్త పాలసీల్లో 15 శాతం వరకు తక్కువ పడితే పట్టించుకోరు. అది దాటితే యావరేజ్ పడుతుంది.

భవనానికి: ఈ రోజు మళ్లీ కట్టాలంటే ఎంతవుతుందో ఆ విలువ. స్థలం ధర కలపకూడదు, స్థలం కాలిపోదు. రిజిస్ట్రేషన్ విలువ కూడా దీనికి పనికిరాదు.

యంత్రాలకు, ఫర్నిచర్‌కు: అదే రకం కొత్తది ఇప్పుడు కొనాలంటే ఎంతో అది. పుస్తకాల్లో తరుగుదల పోను మిగిలిన విలువ రాసిస్తే బీమా తక్కువ పడుతుంది. ఈ పొరపాటు మా అకౌంటెంట్ల వల్లే ఎక్కువ జరుగుతుంది. బ్యాలెన్స్ షీట్ అంకె ఎత్తి ప్రపోజల్ ఫారంలో (బీమాకు ఇచ్చే దరఖాస్తులో) రాసేస్తాం.

సరుకుకు: మీకు పడిన ధర, రవాణాతో సహా. అమ్మకం ధర కాదు. ఏడాది సగటు కూడా కాదు, ఏడాదిలో గోడౌను నిండుగా ఉండే రోజు విలువ. బట్టల కొట్టుకు దసరా, సంక్రాంతి ముందు. ఎరువుల కొట్టుకు ఖరీఫ్ మొదట్లో. ఏడాదంతా అంత ప్రీమియం కట్టలేకపోతే సీజను ముందు ఎండార్స్‌మెంట్ (పాలసీలో రాతపూర్వక మార్పు) అడిగి మొత్తం పెంచుకోవచ్చు. అది గుర్తుండాలంటే క్యాలెండర్‌లో రాసుకోవాలి.

సరుకు మీది కాకపోతే? గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీలు (బస్తాలు) రైతులవి, వ్యాపారులవి. మరమ్మతుకు వచ్చిన టీవీలు ఖాతాదారులవి. ఇతరుల సరుకు మన దగ్గర ఉన్నప్పుడు, మన నమ్మకం మీద ఉంచిన ఆస్తిగా అది పాలసీలో విడిగా రాసి ఉండాలి. కోల్డ్ స్టోరేజీలో చల్లదనం పోయి సరుకు చెడితే అగ్నిప్రమాద పాలసీ ఇవ్వదు. దానికి సరుకు చెడిపోవడానికంటూ వేరే పాలసీ ఉంటుంది. మీరు రైతు అయితే స్టోరేజీలో రసీదు తీసుకునేటప్పుడే బీమా ఎవరి పేర, ఎంతకు ఉందో అడగండి.

4. ఏ పాలసీ

2021 ఏప్రిల్ 1 నుంచి చిన్న సంస్థలకు దేశమంతా ఒకే పదాలతో రెండు పాలసీలు వచ్చాయి. ఒకే చోట ఉన్న ఆస్తి మొత్తం విలువ 5 కోట్ల వరకు ఉంటే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 5 కోట్లు దాటి 50 కోట్ల వరకు భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. నిప్పు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, అల్లర్లు అన్నీ అందులోనే. ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు ఆ గందరగోళంలో జరిగే దొంగతనం కూడా. షరతులు ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే కాబట్టి ప్రీమియం, సేవ, ఎక్సెస్ చూసి ఎంచుకోవచ్చు. ఎక్సెస్ అంటే ప్రతి క్లెయిములో మీరు భరించాల్సిన మొదటి మొత్తం. కొనేముందే అడిగి రాయించుకోండి.

మామూలు దొంగతనానికి బర్గ్‌లరీ పాలసీ వేరు. అందులో ఓ మెలిక ఉంది. బలవంతంగా తాళం పగలగొట్టో, గోడకు కన్నం వేసో లోపలికి వస్తేనే వర్తిస్తుంది. తెరిచి ఉన్న కొట్టులోంచి ఎత్తుకుపోతే రాదు. 2004లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. పనివాళ్ల చేతివాటానికి ఫిడెలిటీ గ్యారంటీ, బ్యాంకుకు తీసుకెళ్లే నగదుకు మనీ ఇన్సూరెన్స్ ఉన్నాయి. కిరాణా, మందులు, బట్టల కొట్లకు ఇవన్నీ కలిపిన షాప్‌కీపర్ ప్యాకేజీ పాలసీ దొరుకుతుంది. విడివిడిగా కొనడం కంటే అదే తేలిక.

ఎక్కువమంది వదిలేసేది, మూతపడిన రోజుల్లో పోయే ఆదాయానికి ఇచ్చే కవరు. మిల్లు కాలితే మిల్లు డబ్బు వస్తుంది. ఆరు నెలలు మూతపడితే జీతాలు, వడ్డీ, అద్దె ఎవరిస్తారు? అగ్నిప్రమాద పాలసీకి అనుబంధంగా దీన్ని తీసుకోవచ్చు. లోను మీద నడిచే యూనిట్ అయితే నేను దీన్ని తప్పకుండా తీసుకోమంటాను.

మనుషుల సంగతి. పది మంది, అంతకు మించి ఉన్న సంస్థల్లో నెలకు 21,000 వరకు జీతం ఉన్నవారికి ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ఈఎస్ఐ లేని చోట, ఉద్యోగుల పరిహార నిబంధనలు వర్తించే మిల్లు, లారీ, నిర్మాణం లాంటి పనుల్లో మనిషి చనిపోతే పరిహారం యజమాని మీదే పడుతుంది. సూత్రం ఇది: లెక్కకు తీసుకునే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి ఉన్న గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్ల వ్యక్తికి గుణకం 207.98. 15,000 జీతం మీద లెక్కిస్తే 7,500 ఇంటూ 207.98, అంటే 15,59,850 రూపాయలు. ముగ్గురు కూలీలతో నడిచే యూనిట్ ఇంత మొత్తం ఎక్కణ్నుంచి తెస్తుంది? చనిపోయిన మనిషి ఇల్లాలికి ఆ డబ్బు చేరాలంటే పనివాళ్ల పరిహారానికి తీసుకునే డబ్ల్యూసీ పాలసీ ఉండాలి.

ప్రమాదకర రసాయనాలు నిర్ణీత పరిమాణం దాటి వాడేవారికి 1991 నాటి పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం బీమా తప్పనిసరి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరికి 12 మంది చనిపోయిన రోజు గుర్తున్నవారికి గోడ అవతల ఇళ్లున్నాయని వేరే చెప్పక్కర్లేదు.

5. ట్రస్టులకు, సొసైటీలకు

జిల్లాలో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఓ చిన్న ట్రస్టుకు కొన్నేళ్లుగా కోశాధికారిని. మంచి పని చేస్తున్నాం, మనకేమవుతుందన్న ధైర్యం మా దగ్గరా ఉండేది. ఒక మెడికల్ క్యాంపుకు వాలంటీర్లను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని వెళ్లాం. అది సరుకుల బండి. అందులో ఊరికే ఎక్కించుకున్న ప్రయాణికులకు థర్డ్ పార్టీ బీమా వర్తించదు. బండి ప్రమాదానికి గురైతే పరిహారం ఎవరివ్వాలన్న ప్రశ్న మా ముందే నిలబడేది. ఆ రోజు ఏమీ జరగలేదు. బీమా వర్తించదన్న విషయం తర్వాత తెలిసి రాత్రి నిద్రపట్టలేదు. అప్పటి నుంచి మనుషులను మనుషుల బండిలోనే తీసుకెళ్తున్నాం.

ట్రస్టులో ప్రత్యేకంగా చూడాల్సినవి ఇవి. భవనం దాత పేరు మీదే ఉండిపోయి, ట్రస్టుకు రిజిస్టర్ కాకపోతే ట్రస్టు ఒక్క పేరుతో తీసుకున్న పాలసీ క్లెయిములో చిక్కులొస్తాయి. దాతనూ ట్రస్టునూ ఇద్దరినీ పాలసీలో రాయించండి. వార్షికోత్సవం, అన్నదానం లాంటి వాటికి ఆ రోజుకే పబ్లిక్ లయబిలిటీ తీసుకోవచ్చు. షామియానా కూలినా, భోజనం వికటించినా అడిగేది నిర్వాహకుణ్నే. ఫిడెలిటీ పాలసీ చాలా చోట్ల జీతం తీసుకునే ఉద్యోగులకే. జీతం లేని నాలాంటి కోశాధికారి అందులో ఉన్నాడో లేడో అడిగి, పేరు చేర్పించండి. ట్రస్టీల నిర్ణయాల మీద కేసు పడితే వారి సొంత జేబు నుంచి ఖర్చు కాకుండా బాధ్యతా పాలసీలు ఉన్నాయి. పెద్ద నిధులు తిరిగే సంస్థలకు అవి అవసరం.

వాలంటీర్లకు ఖరీదైన పాలసీలు కొనలేకపోతే కనీసం ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేర్పించండి. ఏడాదికి 20 రూపాయలు, 18 నుంచి 70 ఏళ్ల వరకు, ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. సొంత బ్యాంకు ఖాతా ఉంటే చాలు. మా వంటమ్మతో సహా అందరి చేతా కట్టించాం.

ఇంకొక మాట, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. పిల్లల భద్రతను ఏ బీమా కొనలేదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పడం తప్పనిసరి. సంస్థ బాధ్యుడు దాచిపెడితే జైలు శిక్ష ఉంది. హాస్టల్లోకి ఎవరొస్తున్నారో రిజిస్టరు, ఒంటరిగా పెద్దవాళ్లతో పిల్లలను పంపకపోవడం, కొత్తగా చేరేవాళ్ల పూర్వాపరాల విచారణ: ఈ మూడూ పాలసీ కంటే ముందు ఉండాలి. డబ్బు విషయంలో కూడా చెక్కుకు రెండు సంతకాలు, విరాళం బ్యాంకు ద్వారానే. 2,000 దాటిన నగదు విరాళానికి దాతకు ఆదాయపు పన్ను మినహాయింపు ఎలాగూ రాదు.

6. కొనేటప్పుడు

ప్రపోజల్ ఫారం ఏజెంటు నింపి, మీరు సంతకం పెట్టే పద్ధతి వదిలేయండి. పక్కన కూర్చుని చదివి నింపండి. కొట్టు వెనక చిన్న వెల్డింగ్ షెడ్డు ఉంటే ఉందని రాయండి. ప్రీమియం రెండు వేలు పెరుగుతుందని దాచితే లక్షల క్లెయిము ఆగుతుంది.

ప్రీమియం కంపెనీకి చేరితేనే కవరు మొదలవుతుంది. బీమా చట్టం సెక్షన్ 64వీబీ అదే చెప్తుంది. రేపు కడతానన్న మాటకు, బౌన్స్ అయిన చెక్కుకు విలువ లేదు.

పాలసీ చేతికొచ్చాక పది నిమిషాలు కేటాయించి ఇవి సరిచూడండి: సంస్థ పేరు, ప్రతి గోడౌను చిరునామా డోర్ నంబరుతో సహా, వ్యాపార స్వభావం, ఏ ఆస్తికి ఎంత, బ్యాంకు పేరు, గడువు. బ్యాంకు కట్టించిన పాలసీ అయితే కాపీ అడిగి తీసుకోండి. అది మీ డబ్బుతోనే కట్టింది. లోను మేరకే ఉంటే మిగతా విలువకు పెంచమని లిఖితంగా కోరండి. కొట్టు మారినా, కొత్త మెషీన్ వచ్చినా అదే రోజు ఎండార్స్‌మెంట్‌కు మెయిల్ పెట్టండి.

7. నష్టం జరిగిన రోజు

మనుషులు క్షేమమని తేలాక మొదట ఫొటోలు, వీడియోలు తీయండి. ఆ తర్వాతే సర్దడం. అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి, మెయిల్ కూడా పెట్టి క్లెయిము నంబరు తీసుకోండి. నిప్పైతే అగ్నిమాపక శాఖ నివేదిక, దొంగతనమైతే ఎఫ్ఐఆర్ కావాలి. ఆన్‌లైన్ మోసమైతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పాడైన సరుకు పారేయకండి, మురికి వాసన భరించలేకపోయినా సరే. నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపే సర్వేయరు చూడనిది లెక్కలోకి రాదు. అలాగని చేతులు కట్టుకుని కూర్చోకూడదు. తడిసింది, పొడిది వేరు చేసి నష్టం పెరగకుండా ఆపడం మీ బాధ్యత. మేం బేళ్లను మూడు గుట్టలు చేశాం: పూర్తిగా పోయినవి, తగ్గింపు ధరకు అమ్మగలిగేవి, బాగున్నవి. ఒక్కో గుట్ట మీద అట్టముక్కకు లెక్క రాసి పెట్టాం. సర్వేయరు వచ్చి రెండు బేళ్లు విప్పించి, కొన్ని చీరలు లెక్కపెట్టి, మా అంకెలతో సరిపోలడంతో మిగతా గుట్టలు త్వరగా ముగించారు.

బిల్లులు నాశనమైతే భయపడకండి. జీఎస్టీ పోర్టల్‌లో జీఎస్టీఆర్-2బీ తెరిస్తే మీకు సరుకు అమ్మినవాళ్లు అప్‌లోడ్ చేసిన బిల్లులన్నీ కనిపిస్తాయి. బావగారి కొనుగోళ్లు మేం అలాగే నిరూపించాం. జీఎస్టీ లేనివారు హోల్‌సేలర్ల నుంచి నకళ్లు తెచ్చుకోవాలి. సర్వేయరు అడిగిన ప్రతి కాగితం మెయిల్‌లోనే పంపండి, తేదీ ఉంటుంది.

చివర్లో పూర్తి పరిష్కారంగా అంగీకరిస్తున్నానని వోచరు మీద సంతకం అడుగుతారు. మొత్తం నచ్చకపోతే అలా సంతకం పెట్టకండి. అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసి, కారణం మెయిల్ చేయండి.

8. కాదన్నప్పుడు

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా. ఆ తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్, లేదా 155255కి ఫోన్. నెలలోగా జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. మన రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు ఆదేశించగలరు. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి. అయితే ఆ తలుపు వ్యక్తులకు, సొంత యాజమాన్య సంస్థలకు, సూక్ష్మ సంస్థలకు. అంతకంటే పెద్ద కంపెనీలు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి, గడువు రెండేళ్లు. వ్యాపార సంస్థ తీసుకున్న బీమా కూడా వినియోగదారు సేవ కిందికే వస్తుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి వ్యాపారస్తులు కదా అని వెనక్కి పంపితే ఊరుకోకండి.

బావగారి పాలసీ ఈసారి రెన్యువల్‌కు నేనూ వెళ్లాను. రెండు చిరునామాలు, 40 లక్షల సరుకు, కొట్టు సామాను వేరుగా. ప్రీమియం పెరిగింది. ఆయన కళ్లద్దాలు తెచ్చుకుని, చిరునామా లైను మీద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివి, పక్క వీధి డోర్ నంబరులో ఒక అంకె తప్పు పడిందని పట్టుకున్నారు.